విశాఖ మధురవాడలో మేం ఫ్లాటు కొన్న బిల్డర్ గురించి

నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు కాబట్టి చాలా ఆఫీసులు తిరిగాం. ఒకచోట రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) నంబరు కూడా లేదు, ఏడాదికి 24 శాతం రాబడి గ్యారంటీ అన్నారు. లేచి వచ్చేశాం.

ఈ బిల్డర్ మాత్రం తన లాభం లెక్క కాగితం మీద వేసి చూపించారు. స్థలం ఇచ్చినందుకు సగం ఫ్లాట్లు దాని యజమానికి పోతాయి. మిగతా సగం అమ్మితేనే మొత్తం బిల్డింగు ఖర్చు రావాలి. సిమెంటు మీద కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. పని ఆలస్యమైతే మిగిలేదాన్ని వడ్డీ తినేస్తుంది. ఇంత విడమరిచి ఇంకెవరూ చెప్పలేదండి.

కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడిగా ఉంచాల్సిన ఖాతా వివరాలు అడగకముందే ఇచ్చారు. అగ్రిమెంట్ రిజిస్టర్ అయ్యేదాకా 10 శాతానికి మించి తీసుకోలేదు. పార్కింగ్ ఇరుకు. అద్దె కోసమే కొనేవాళ్లు మాత్రం వచ్చే అద్దెను ముందు బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీతో పోల్చి చూసుకోండి.