ఫోమ్ రోలర్: అలిపిరి మెట్లు దిగొచ్చిన కాళ్ళకి పనికొస్తుందా?

మాది తిరుపతి, వీలైనప్పుడల్లా అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతా, దిగేది కూడా ఎక్కువగా నడిచే, ఆ తర్వాత వచ్చే తొడల నొప్పుల కోసమే ఈ రోలర్ కొన్నా, అంటే ఒంటి కింద పెట్టుకుని కండరాల్ని రుద్దుకునే గుండ్రటి ఫోమ్ దిమ్మె. రెండేళ్ళ పైమాటే, ఇంకా వాడుతున్నా. మంచి వస్తువు, కొనండి, కానీ అమ్మేవాళ్ళు చెప్పే కారణం చూసి కాదు.

కష్టపడ్డ కండరాల్లో తయారయ్యే లాక్టిక్ యాసిడ్‌ని (ఒంట్లో అది లాక్టేట్ రూపంలో ఉంటుంది) బయటికి పంపేస్తుంది, నొప్పి పోతుంది అంటారు కదా, అది వదిలెయ్యండి. గబగబా ఎక్కితే లాక్టేట్ పెరిగే మాట నిజమే, కానీ ఆగాక గంట రెండు గంటల్లో మామూలైపోతుంది, మనకి నొప్పి మొదలయ్యేదేమో మర్నాడు!

అసలు సంగతంతా దిగడంలో ఉందబ్బా. కండరానికి లాగడమే వచ్చు, తొయ్యడం రాదు. ఎక్కేటప్పుడు తొడ ముందుండే కండరాలు పొట్టిగా అయ్యి మోకాలిని చాపుతాయి, మనం పైకి లేస్తాం. దిగేటప్పుడు కూడా అవే బిగుసుకుంటాయి, కాకపోతే మోకాలు మడిచే కొద్దీ బిగుసుకునే సాగుతుంటాయి, ఒంటి బరువంతా కింది మెట్టు మీద దబ్బున పడకుండా బ్రేక్ వేసినట్టు. మోకాలి చిప్పకి కాస్త పైన చెయ్యి పెట్టుకుని ఒక్క మెట్టు నిదానంగా దిగి చూడండి, ముందు కాలు కింద ఆనేదాకా వెనక కాలి తొడ ఎంత గట్టిపడుతుందో చేతికే తెలుస్తుంది. అలా సాగుతూ బరువు ఆపేటప్పుడే లోపలి సన్న పోగులు అక్కడక్కడా దెబ్బతింటాయి, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి బాగా ముదిరి తర్వాత అదే పోతుంది. గాలిగోపురం దాకా ఎక్కడానికి ఆయాసం వస్తుందని అందరూ భయపడతారు గానీ, 3550 మెట్లూ దిగడమే తొడలకి అసలు పని.

ఇక రోలర్. చాప మీద బోర్లా పడుకుని తొడ కింద పెట్టుకుని, మోచేతుల మీద బరువు ఆపుకుంటూ నిదానంగా ముందుకీ వెనక్కీ జరుగుతా, కలుక్కుమన్న చోట ఆగి ఊపిరి వదులుతా. ఒక్కో కాలికి ఒకట్రెండు నిమిషాలు చాలు. లేచాక నొప్పి తగ్గినట్టుంటుంది, పీట మీద కూర్చుని లేవడం తేలికవుతుంది, అయితే ఆ హాయి కాసేపే. దెబ్బతిన్న పోగుల్ని రోలర్ అతికించదు, ఆ పని ఒళ్ళే చేసుకోవాలి.

నాది గట్టి రకం, పైన గళ్ళున్నది, రూపం ఇప్పటికీ చెడలేదు. మా వదిన మెత్తటిది తెచ్చుకుంటే కొన్నాళ్ళకే నడుమ గుంట పడిపోయింది. గళ్ళల్లో చెమటా దుమ్మూ చేరతాయి, తడిగుడ్డతో తుడవాలి. మోకాలి చిప్ప మీద, ఎముకల మీద వద్దు. కాళ్ళలో నరాలు ఉబ్బినవాళ్ళు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు.

ఐదుకి నాలుగిస్తా. కానీ మొక్కుందని మొదటిసారి నడవబోయేవాళ్ళకి దీనికంటే ముందు చెప్పేది ఒకటుంది. ఒకసారి ఇలా దిగి కొంచెం నొప్పి పడిన కండరం, మళ్ళీ అదే పని పడితే చాలా తక్కువ నొప్పి పెడుతుంది, ఆ గుణం కొన్ని వారాలుంటుంది. అందుకని ఒక పది రోజుల ముందే ఏ అపార్ట్‌మెంట్‌లోనో లిఫ్ట్‌లో పైకి పోయి మెట్ల మీద దిగండి, మొదటిరోజు కొంచెమే, తొడలు అలవాటుపడే కొద్దీ పెంచుకుంటూ పోండి.