లుంబినిలో దేశానికో విహారం, సారనాథ్‌లో మన ధాతువులు

గోరఖ్‌పూర్‌లో రైలు దిగితే సొనౌలీ సరిహద్దుకు బస్సులు, జీపులు దొరుకుతాయి. నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డో పాస్‌పోర్టో చేతిలో ఉంటే చాలు. గేటు దాటాక భైరహవా అనే ఊరు, అక్కణ్ణుంచి లుంబినికి టాక్సీ. బేరమాడే ముందు ఏ రూపాయల్లో చెబుతున్నారో అడగండి. మన 100 రూపాయలు వాళ్ళ 160తో సమానం.

బుద్ధుడు పుట్టిన చోటు చూడాలన్న కోరిక ఎప్పటిదో. దానితోపాటు, దేశాలు మతాన్ని పట్టుకుని ఒకదానికొకటి ఎలా దగ్గరవుతున్నాయో, ఎలా పోటీ పడుతున్నాయో కళ్ళారా చూడాలనిపించింది. అందుకు లుంబినిని మించిన చోటు లేదు. 1967లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ఇక్కడికొచ్చి ఈ స్థలం దుస్థితికి చలించిపోయారు. ఆయన చొరవతోనే జపాన్ వాస్తుశిల్పి కెంజో టాంగే 1978లో బృహత్ ప్రణాళిక తయారు చేశారు. నడుమ కాలువ, తూర్పున థేరవాద విహారాలు, పడమట మహాయాన విహారాలు (ఇవి బౌద్ధంలో రెండు శాఖలు). బర్మా, థాయ్‌లాండ్, శ్రీలంక, వియత్నాం, చైనా, కొరియా, జర్మనీ... ఢిల్లీ చాణక్యపురిలో రాయబార కార్యాలయాల్లా ఎవరి ఆవరణ వారిది, ఎవరి శైలి వారిది. నడిస్తే కాళ్ళు పడిపోతాయి. సైకిలు అద్దెకు తీసుకోండి, లేదా ఈ-రిక్షా మాట్లాడుకోండి.

చైనా విహారం, కొరియా విహారం ఎదురెదురుగా ఉంటాయి. చైనా వారిది కళ్ళు తిప్పుకోనివ్వదు: ఎర్రటి గోడలు, వంపు కప్పులు, విశాలమైన ముంగిళ్ళు, ఎక్కడా చెత్త లేదు. కానీ వచ్చినవాళ్ళు ఫొటో దిగి వెళ్ళిపోతున్నారు. కొరియా వారి కట్టడం నిరాడంబరమైన కాంక్రీటు, అయితే అక్కడ యాత్రికులకు బస, భోజనం ఇస్తారు. మేం అక్కడే ఉన్నాం. గదిలో పరుపు, దోమతెర తప్ప ఇంకేం ఉండవు. పూటపూటా అన్నం, కూరలు, ఉప్పూకారం పట్టించిన క్యాబేజీ. తిన్న పళ్ళెం ఎవరిది వారే కడుక్కోవాలి. ఏ దేశం నుంచి వచ్చావని అడగకుండా అన్నం పెట్టిన ఆ విహారం మీద కలిగిన అభిమానం మరే భవనం మీదా కలగలేదు. అంతకు ముందు రాత్రి బజారులోని ఒక హోటల్లో దీనికి ఎన్నో రెట్లు కట్టి, వేడినీళ్ళు లేక, దోమలతో జాగారం చేశాం.

ఇన్ని దేశాల మధ్య మన దేశపు విహారం మాత్రం చాలాకాలం లేదు. సరిహద్దు కూతవేటు దూరంలో పెట్టుకుని ఇంత ఆలస్యం ఎందుకు చేశామో నాకు అర్థం కాదు. 2022 మే 16న, బుద్ధపూర్ణిమ నాడు, ప్రధాని మోదీ, నాటి నేపాల్ ప్రధాని దేవ్‌బా కలిసి భారత బౌద్ధ సాంస్కృతిక కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అదే రోజు భైరహవాలో చైనా సంస్థ కట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. మోదీ అక్కడ దిగలేదు, ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ నుంచి హెలికాప్టర్‌లో నేరుగా లుంబినికి వచ్చారు. నేపాలీలు ఇలాంటివి మరిచిపోరు. బుద్ధుడు తమ నేలమీద పుట్టాడన్నది వాళ్ళకు ప్రాణంతో సమానమైన మాట. 2020లో మన విదేశాంగ మంత్రి బుద్ధుణ్ణి భారతీయుల్లో లెక్కవేసినప్పుడు అక్కడ పెద్ద దుమారమే రేగింది. లుంబినిలోనే పుట్టాడనడంలో సందేహం లేదని మన విదేశాంగ శాఖ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వివరణ ఇవ్వడమే మంచిదయింది.

బుద్ధుడి తల్లి మాయాదేవి గుడి పక్కనున్న అశోక స్తంభం ముందు ఎక్కువసేపు నిలబడండి. పట్టాభిషేకమైన ఇరవయ్యేళ్ళకు తాను స్వయంగా వచ్చి పూజించానని, శాక్యముని, అంటే బుద్ధుడు, ఇక్కడ పుట్టాడు కాబట్టి ఈ ఊరికి పన్ను తగ్గించి ఎనిమిదో వంతు చేశానని అశోకుడు అందులో చెక్కించాడు. ఆ ఊరి రైతుకు దక్కిన మేలు ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా రాతిమీద చదువుకోగలుగుతున్నాం. గుడి లోపల ఫొటోలు తీయనివ్వరు. అది మంచి నియమం.

బుద్ధుడు కన్నుమూసిన కుశీనగర్‌లో ఆ ఘట్టాన్ని చూపే పరినిర్వాణ విగ్రహం చూడటానికి ఒక పూట చాలు. 2021 అక్టోబరులో అక్కడి విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు మొదటి విమానం కొలంబో నుంచే వచ్చింది, అందులో బౌద్ధ భిక్షువులు వచ్చారు.

తెలుగువాళ్ళు కాశీ పక్కనున్న సారనాథ్‌ను మాత్రం వదలొద్దు. అక్కడి మూలగంధకుటీ విహారంలో నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన బుద్ధుడి ధాతువులు, అంటే అస్థి అవశేషాలు, ఉన్నాయి. బుద్ధపూర్ణిమకో కార్తిక పూర్ణిమకో వెళ్తే దర్శనం దొరికే అవకాశం ఉంది. 2025 మేలో వాటిని వియత్నాంకి తీసుకెళ్ళారు. హోచిమిన్ నగరం నుంచి హనోయ్ దాకా ఊరూరా కోటి మందికి పైగా బారులు తీరారు. ఎంత పెద్ద భవనం కట్టినా తేలేని ఆదరం అది. నాగార్జునకొండకు పరదేశాలతో ఇలాంటి బంధం కొత్త కూడా కాదు. అక్కణ్ణుంచి ఏలిన ఇక్ష్వాకుల కాలంలో బోధిసిరి అనే ఉపాసిక (గృహస్థ భక్తురాలు) వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా, సింహళం పేర్లున్నాయి, అక్కడ సింహళ విహారమూ ఉండేది.

ఈ మాటలేవీ సారనాథ్‌లో మాకు తారసపడిన తెలుగు యాత్రికులకు తెలియవు. విజయపురి సౌత్‌లో నాగార్జునకొండకు లాంచీ ఎక్కే చోట ఈ ధాతువుల కథ, ఆ శాసనం పాఠం తెలుగులో పెద్ద బోర్డు మీద రాయించమని పర్యాటక శాఖకు ఉత్తరం పెట్టాను. మీరూ రాయండి.