నెలలోపు బిడ్డకు మెనింజైటిస్ అనుమానం: ఎగ్మోర్‌కా, ప్రైవేట్‌కా?

మెనింజైటిస్ అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకు ఇన్ఫెక్షన్. ఎగ్మోర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రికా, ప్రైవేట్‌కా అనే ఈ వాదన చెన్నైలో మనవాళ్ల ఇళ్లలో అర్ధరాత్రే మొదలవుతుంది. బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగకపోయినా, మాడు ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు. మెడ బిగుసుకుందా అని చూడటం దండగ, ఈ వయసులో చాలాసార్లు బిగుసుకోదు.

ఖర్చు: ఎగ్మోర్‌లో ఉచితం. ప్రైవేట్‌లో రోజుకో బిల్లు. నరానికి ఎక్కించే యాంటీబయాటిక్ సాధారణంగా 14 నుంచి 21 రోజులు. ఈ లెక్క మొదటి రోజే వేసుకోండి. మధ్యలో డబ్బులైపోయి బిడ్డను మార్చడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

శ్రమ: ఎగ్మోర్‌లో రద్దీ, ఫ్లాస్కుతో వరండాలో అమ్మమ్మ. ప్రైవేట్‌లో కాస్త సుఖం.

రిస్క్: రెండుచోట్లా పరీక్షకు వెన్నునీరు తీస్తారు. "పసిగుడ్డుకి వెన్నులో సూదా!" అని అడ్డుపడకండి, వెన్నుపాము ముగిసిన చోటుకి కిందే గుచ్చుతారు. ప్రైవేట్ అయితే, రాత్రి పసిపిల్లల డాక్టరు ఉంటారా అని అడగండి. బోర్డు చూసి నమ్మొద్దు.

పుట్టిన ఆసుపత్రిలోనే మంచి ఎన్ఐసీయూ (పసిగుడ్ల ఇంటెన్సివ్ కేర్ వార్డు) ఉండి, మూడు వారాల ఖర్చు తట్టుకోగలిగితే అక్కడే. లేదంటే మొహమాటపడకుండా ఎగ్మోర్. దూరమైతే దగ్గరి ఆసుపత్రిలో యాంటీబయాటిక్ మొదటి డోసు వేయించి, 108లో బయల్దేరండి.