ఒడ్డు మీద హోటలా, వెనక సందులోదా?

సముద్రం ఉన్న ఊళ్లో ఆకలేస్తే రెండు దారులు. ఒకటి, అలలకు ఎదురుగా కుర్చీలు వేసిన హోటల్. రెండోది, పడవల రేవు వైపు రెండు వీధులు వెనక్కి నడిస్తే తగిలే చిన్న హోటల్. నా ఓటు రెండోదానికే.

ఒడ్డున అద్దెలు ఎక్కువ, వచ్చేవాళ్లలో చాలామంది మళ్లీ రారు. బిల్లులో ఆ గాలికీ కొంత కడతాం. అక్కడ బాగా వండేవాళ్లు లేరని కాదు. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే ఆ చోటు నిజంగా హాయి, సాయంత్రాలు నేనూ అక్కడే కూర్చుంటాను.

సందులోని హోటల్ రోజూ వచ్చే ఊరివాళ్ల మీద బతుకుతుంది. ఒక్కపూట రుచి తప్పినా వాళ్లు ఊరుకోరు. గిరాకీ బాగుంటే సరుకు నిలవుండదు. "ఈ రోజు ఏం చేపలొచ్చాయి?" అని అడగండి. తడుముకోకుండా చెప్తే సగం నమ్మొచ్చు. చేప చూపిస్తే మరీ మంచిది: కన్ను తేటగా, కాస్త ఉబ్బి ఉండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. కన్ను మసకబారి లోపలికి పోయిందా, అది ఏ హోటలైనా సరే, లేచి వచ్చేయండి.

ఒక చిక్కుంది. గాలివానకు పడవలు కదలని రోజుల్లో రేవు పక్కనైనా దొరికేది ఐసులో పెట్టిన చేపే. పైగా చిన్న హోటళ్లలో వండింది తొందరగా అయిపోతుంది, భోజనం వేళకు కాస్త ముందే వెళ్లండి.