రెండు క్రూయిజ్‌లు, రెండు బాల్కనీ క్యాబిన్లు, మధ్యలో ఒక తలుపు

మొదటి ప్రయాణంలో మాకు దక్కిన క్యాబిన్‌లో సోఫా పక్కనే గోడకు, పక్క గదిలోకి దారితీసే ఒక తలుపు ఉంది. గోడ రంగే దానికీ వేసి ఉండడంతో సామాను సర్దుకునేంతవరకూ మేము దానిని గమనించనే లేదు. రాత్రి పదకొండు దాటాక పక్క గదివారు టీవీలో ఏమి చూస్తున్నారో, మరునాడు రేవులో దిగి ఎక్కడికి వెళ్లాలన్న విషయంలో ఎవరి పట్టు ఎవరిదో మాకు పొల్లుపోకుండా తెలిసిపోయింది. పాపం, వారు గొంతు పెంచి మాట్లాడింది లేదు. గదులను చూసుకునే ఉద్యోగి, అంటే స్టీవర్డుకు చెబితే అతను రెండు పెద్ద తువ్వాళ్లను చుట్టగా చుట్టి తలుపు కింది సందులో దూర్చి వెళ్లాడు. దానితో మాటలు గొణుగుడుగా మారాయి తప్ప ఆగలేదు. ఓడ నిండిపోయింది కాబట్టి గది మార్చడం కుదరదన్నారు. ఓడ అంతస్తుల పటమైన డెక్ ప్లాన్‌లో ఆ రెండు క్యాబిన్ల మధ్య చిన్న బాణం గుర్తు ముద్రించే ఉంది, పైగా గది నంబరును సంస్థ ఇష్టానికి వదిలేసి డబ్బు కట్టింది నేనే కాబట్టి మరీ గట్టిగా తగాదా పెట్టుకోలేకపోయాను.

రెండేళ్ల తర్వాత అత్తమ్మ, మావయ్య, మా ఇద్దరు పిల్లలతో కలిసి ఆరుగురం మరో ఓడ ఎక్కినప్పుడు, అటువంటి తలుపు ఉన్న రెండు బాల్కనీ గదులనే ఏరికోరి తీసుకున్నాం. ఆ ప్రయాణంలో మాకు అన్నింటికంటే ఉపయోగపడింది ఆ తలుపే. ఒకే వస్తువు ఒకసారి నిద్ర చెడగొట్టి, మరోసారి సంసారాన్ని సుఖంగా నడిపించిందంటే, బాల్కనీ క్యాబిన్ అనే ఒక్క పేరు కింద అమ్ముడయ్యేవన్నీ ఒకే రకం గదులు కావని ఒప్పుకోవాలి. ఆ తేడా ధరల పట్టికలో కనిపించదు, డెక్ ప్లాన్‌లో కనిపిస్తుంది.

ముందుగా కనెక్టింగ్ క్యాబిన్ల సంగతి. బుకింగ్ సమయంలో ఏజెంటు మాకు "పక్కపక్క గదులు ఇస్తాం" అని హామీ ఇచ్చాడు. పక్కపక్క గదులంటే కారిడార్‌లో వరసగా ఉన్న రెండు గదులు మాత్రమే. ఒకదానిలో నుంచి మరొకదానిలోకి వెళ్లాలంటే బయటికి వచ్చి, కార్డు పెట్టి, తలుపు తీసుకోవలసిందే. లోపలి నుంచే దారి ఉన్న గదులను మాత్రమే కనెక్టింగ్ అంటారు. ఆ మాటను బుకింగ్ పత్రంలో రాయించుకుని, రెండు గదుల నంబర్లను డెక్ ప్లాన్‌తో స్వయంగా సరిచూసుకున్న తర్వాతే డబ్బు కట్టాను. గుర్తు అన్ని సంస్థలకూ ఒకటే కాదు. కొందరు రెండువైపుల బాణం వేస్తారు, కొందరు గోడ మీద చిన్న గీతతో సరిపెడతారు. ప్లాన్ అడుగున ఉండే గుర్తుల వివరణ చదవడానికి పట్టేది ఒక్క నిమిషం.

ఇంకొక మెలిక కూడా ఉంది. చాలా సంస్థలు ప్రతి క్యాబిన్‌లోనూ కనీసం ఒక పెద్ద మనిషి పేరు ఉండాలంటాయి, కాబట్టి పిల్లలిద్దరినీ ఒక గదిలో, పెద్దలందరినీ మరో గదిలో చూపి బుక్ చేయడం తరచుగా సాధ్యం కాదు. మేము కాగితం మీద ఒక్కో గదికి ముగ్గురం చొప్పున పంచుకుని, ఓడ ఎక్కిన తర్వాత మాకు నచ్చినట్టు పడుకున్నాం. మూడో పడక, నాలుగో పడక విషయంలో చాలామందికి అర్థం కానిది ఒకటి ఉంది: గది ఖాళీగా ఉన్నా, అందులో నాలుగు పడకలున్నా, నలుగురి పేర్లు ఇస్తే వెబ్‌సైట్ లేదనవచ్చు. ఓడలోని ప్రతి భాగానికీ కేటాయించిన లైఫ్‌బోట్లలో ఎందరికి చోటుందో ఆ లెక్కను దాటి ఆ భాగంలో మనుషులను చేర్చుకోరు. అటువంటప్పుడు అదే తరగతి గదిని ఓడ మరో చివర వెతికితే దొరికే అవకాశం ఉంటుంది. కుటుంబమంతా ఒకే చోట ఉండాలనుకునేవారు ముందుగా మేలుకోవడానికి ఇదే అసలు కారణం.

గది ఎలా ఉందంటే, మంచం, సోఫా, అద్దం ఉన్న బల్ల, మనిషి అటూ ఇటూ తిరగగలిగినంత చోటు. సోఫా రాత్రికి పడకగా విచ్చుకుంటుంది. సీలింగులో మడిచి పెట్టిన మరో పడకను స్టీవర్డు సాయంత్రం కిందికి దించి, చిన్న నిచ్చెన తగిలించి వెళ్తాడు. మధ్య తలుపుకు దారి వదలాలి కాబట్టి ఇటువంటి గదుల్లో సామాను అమరిక కొంచెం మారుతుంది. మా రెండు గదుల్లో ఒకదానిలో సోఫా పడకను పూర్తిగా విప్పితే తలుపు సగమే తెరుచుకునేది, మావయ్య రాత్రిళ్లు పక్కకు తిరిగి దూరవలసి వచ్చేది. ఆయన దానిని మూడు రోజులు భరించి, నాలుగో రోజున మా అబ్బాయిని పై పడకకు పంపించి సోఫాను మడతపెట్టించారు. తలుపుకు రెండు వైపులా గడియలుంటాయి కాబట్టి ఎవరి ఏకాంతం వారికి ఉంటుంది. రెండు స్నానాల గదులు ఉండడం మాత్రం మాటల్లో చెప్పలేని సుఖం. ఉదయం ఏడింటికి రేవు చేరి, ఎనిమిదింటికి అందరూ కిందికి దిగవలసిన రోజుల్లో ఆ విలువ బాగా తెలిసింది. ఆరుగురు పట్టే సూట్ ధరను కూడా ముందు అడిగి చూశాను, మాకు రెండు మామూలు బాల్కనీ గదులు దానికంటే చాలా తక్కువలో వచ్చాయి.

బాల్కనీల మధ్య అడ్డుపలకను తీయించుకోవడం గురించి ఒక మాట. కొన్ని ఓడల్లో ఆ పలకకు మడతబందులుంటాయి, స్టీవర్డును అడిగితే ప్రత్యేకమైన తాళంతో తెరిచి గోడకు కట్టేస్తాడు. కొన్నింట్లో అది ఉక్కు నిర్మాణంలో భాగం, కదలదు. మా ఓడలో మొదటి సాయంత్రమే తీసి పెట్టారు. రెండు కుర్చీలు, ఒక బుల్లి బల్లకు మాత్రమే సరిపోయే రెండు బాల్కనీలు ఒక చిన్న వసారాలా మారిపోయాయి. అత్తమ్మ ప్రయాణమంతా అక్కడే గడిపిందంటే అతిశయోక్తి కాదు. గాలి విపరీతంగా వీచిన రోజున మాత్రం సిబ్బంది వచ్చి పలకను మూసివేశారు.

ఆ పలకల వెనుక ఒక చరిత్ర ఉంది. 2006 మార్చి 23న కరీబియన్ సముద్రంలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ బాల్కనీలో మొదలైన మంట పక్క బాల్కనీలకూ పై డెక్కులకూ శరవేగంగా పాకింది. ఆర్పకుండా వదిలేసిన సిగరెట్ పీక కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. బాల్కనీల మధ్య వాడిన పాలీకార్బొనేట్ పలకలు, ప్లాస్టిక్ కుర్చీలు, బల్లలు మంటకు ఆజ్యమయ్యాయి. ఆ తర్వాత అంతర్జాతీయ భద్రతా నియమాలను సవరించి, 2008 జూలై నుంచి బాల్కనీలకూ అగ్నిరక్షణ నిబంధనలను వర్తింపజేశారు. నేడు చాలా సంస్థలు బాల్కనీలో పొగతాగనివ్వకపోవడం, ఇస్త్రీపెట్టె తెస్తే ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టడం చాదస్తం కాదని ఇది చదివినప్పుడు తెలిసింది.

ఇక బాల్కనీ దేనివైపు చూస్తుంది, ఎలా చూస్తుంది అన్నదానికి వద్దాం, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మొదటి ఓడలో మా బాల్కనీ నుంచి కిందికి చూస్తే నీటికి బదులు లైఫ్‌బోట్ల నారింజరంగు కప్పులు కనిపించేవి. తల ఎత్తి చూస్తే ఆకాశం, దూరాన సముద్రం ఉన్నాయి, కాబట్టి దృశ్యం పూర్తిగా మూసుకుపోలేదని నేను సరిపెట్టుకున్నాను. దృశ్యానికి అడ్డు ఉన్న గదులను సంస్థలు సాధారణంగా వేరే తరగతిగా తక్కువ ధరకు అమ్ముతాయి. తెలిసి కొంటే అది మంచి బేరమే, తెలియక కొంటేనే బాధ. లైఫ్‌బోట్లు ఏ డెక్కు దగ్గర వేలాడుతున్నాయో ఓడ పక్కనుంచి తీసిన ఫొటో ఒక్కటి చూస్తే చాలు, ఏ వివరణా అక్కర్లేదు.

బాల్కనీ రెయిలింగు గాజుదా, ఉక్కుదా అన్నది కూడా అంతే ముఖ్యం. గాజు ఉంటే కుర్చీలో కూర్చున్నా సముద్రం కనిపిస్తుంది. 2004లో సేవలు ప్రారంభించిన క్వీన్ మేరీ 2లో కింది డెక్కుల బాల్కనీలను ఓడ ఉక్కు గోడలోనే కిటికీల మాదిరిగా తొలిచారు. అట్లాంటిక్ గాలి నుంచి అవి చక్కగా కాపాడతాయి, కానీ కూర్చుంటే ఎదురుగా ఉక్కు గోడే కనిపిస్తుంది. 2009 నాటి ఓయాసిస్ ఆఫ్ ది సీస్‌లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా ఓడ నడుమనున్న చెట్ల తోటవైపు తెరుచుకుంటాయి. 2018లో వచ్చిన సెలెబ్రిటీ ఎడ్జ్‌లో బాల్కనీని గదిలోనే కలిపేసి, మీట నొక్కితే పైసగం అద్దం కిందికి దిగే ఏర్పాటు చేశారు. గది పెద్దదవుతుంది, కానీ తలుపు తీసుకుని బయటికి అడుగుపెట్టే అనుభూతి పోతుంది. నా ఓటు పాత పద్ధతికే. వీటన్నింటినీ ప్రచారపత్రాల్లో బాల్కనీ, వరండా అనే అంటారు కాబట్టి ఫొటో చూడకుండా ముందుకు పోకూడదు.

ఓడ వెనుక చివర ఉండే బాల్కనీలు సాధారణంగా లోతుగా ఉంటాయి; ఓడ విడిచి వచ్చిన తెల్లటి నురుగు దారిని చూస్తూ గంటలు గడిపేవారికి అవి స్వర్గం. వేగం పెంచినప్పుడు ప్రొపెల్లర్ల కంపనం, ఎప్పుడైనా పొగగొట్టం మసి అక్కడ భరించాలి. ముందు చివర గాలి ఎక్కువ. పైగా నౌకను నడిపేవారి కళ్లకు వెలుగు అడ్డు రాకూడదని చీకటి పడగానే పరదాలు వేసి ఉంచమంటారు. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఓడ నడుమ భాగంలో, వీలైనంత కింది డెక్కులో ఉండాలి. రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఓడ పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి, ముందూ వెనుకా లేచిపడడాన్ని మాత్రం ఆపలేవు. ఆ కుదుపు రెండు చివరల్లోనే ఎక్కువగా తెలుస్తుంది.

శబ్దం గురించి నా నియమం ఒక్కటే: పై డెక్కులోనూ కింది డెక్కులోనూ క్యాబిన్లే ఉండాలి. మొదటి ఓడలో మా నెత్తిమీద స్విమ్మింగ్ పూల్ డెక్కు ఉండేది. తెల్లవారుజామున ఐదున్నరకు కుర్చీలను వరసగా లాగి సర్దే కర్రకర్ర చప్పుడు ఎనిమిది రోజులూ మాకు అలారమైంది. కింద నాటకశాలో నృత్యశాలో ఉంటే ఇదే బాధ అర్ధరాత్రి వస్తుంది. లిఫ్టుల నుంచి ఏడెనిమిది గదుల దూరం నాకు సరిగ్గా అనిపించింది. 360 మీటర్ల పొడవున్న ఓడల్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని మరీ దూరంగా ఉంచడం భావ్యం కాదు, మరీ దగ్గరైతే రాకపోకల రొద.

కుడివైపా, ఎడమవైపా అన్న చర్చకు నేను ఎక్కువ విలువ ఇవ్వను. తీరం వెంట ఒకే దిశలో సాగే ప్రయాణమైతే పటం చూసి నేల ఉన్న వైపు తీసుకోవచ్చు. హిమానీనదాల ముందు, కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సన్నని సముద్రపాయలైన ఫియర్డ్‌ల చివర ఓడ ఎలాగూ తిరుగుతుంది కాబట్టి రెండు వైపులవారికీ వంతు వస్తుంది.

రెండో ఓడలోనూ లోపాలు లేకపోలేదు. బాల్కనీ తలుపు సరిగ్గా బిగించకపోతే ఏసీ దానంతట అదే ఆగిపోయేది, సందులోంచి గాలి ఈల వేసేది. ఎవరైనా అదే సమయంలో కారిడార్ తలుపు తెరిస్తే అది చేయి జారి ఢామ్మని మూసుకునేది. మా అమ్మాయి వేళ్లు ఒకసారి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. బాల్కనీ తలుపు గడియ పిల్లలకు అందనంత ఎత్తులో ఉండడం మెచ్చదగినది, కానీ పలక తీసి ఉన్నప్పుడు రెండు తలుపులనూ కనిపెట్టుకుని ఉండాలి. ఒక గదికే అప్‌గ్రేడ్ ఇస్తామంటూ ప్రయాణానికి నెల ముందు మెయిల్ వచ్చింది. ఒప్పుకుని ఉంటే రెండు గదులూ విడిపోయేవి. సంస్థకు ఫోన్ చేసి, ఏ మార్పూ వద్దని బుకింగ్‌లో రాయించాను.

మొదటి క్యాబిన్‌కు ఐదింటికి రెండు మార్కులు, రెండో ఓడలోని గదుల జంటకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ అర మార్కు మావయ్య పక్కకు తిరిగి దూరిన మూడు రాత్రులకు. కుటుంబాలు వీలైనంత ముందుగా బుక్ చేసుకోవడం మంచిది, ఎందుకంటే ఇటువంటి గదుల జంటలు చాలా ఓడల్లో పరిమితంగానే ఉంటాయి. ఇద్దరే వెళ్లేవారు, ముఖ్యంగా నిద్ర పలచగా ఉన్నవారు, గది నంబరును సంస్థ ఇష్టానికి వదిలేసే చవక గ్యారంటీ టికెట్ తీసుకోకపోతే మంచిది. ఎవరూ కోరని గదులు ఆ టికెట్ల వారికే వెళ్తాయి, వాటిలో మధ్య తలుపు ఉన్నవీ ఉంటాయి. మా మొదటి టికెట్ అదే.