డేటన్‌లో ఒక ఇల్లు చూశాం

అమెరికాలోని ఒహాయోలో, కొలంబస్ నుంచి డేటన్ గంటుంపావు దారి. "విమానం కనిపెట్టినోళ్ల ఊరు ఇంత దగ్గరుంటే ఇన్నాళ్లూ ఏం చేశార్రా?" అని తెనాలి నుంచి వచ్చిన అమ్మ అడిగాక గానీ మేం కదల్లేదు.

ముందు కారిలన్ పార్క్. రైట్ సోదరుల 1905 నాటి విమానం ఫ్లయర్‌ని అక్కడ హాలు మధ్యలో లోతుగా కట్టిన గుంటలో పెట్టారు. చుట్టూ నిలబడి పైనుంచి చూడొచ్చు. మా వాడు గంటసేపు కదల్లేదు.

అసలు చూడాల్సింది ఓక్‌వుడ్‌లోని ఆర్విల్ రైట్ ఇల్లు, హాథార్న్ హిల్. పార్క్ నుంచి వాళ్ల బండిలోనే తీసుకెళ్తారు. రోజూ ఉండదు, ముందే బుక్ చేసుకోవాలి. ఒంటి చుట్టూ నీళ్లు చిమ్మేలా గుండ్రంగా వంచిన గొట్టాల షవరుంది స్నానాలగదిలో. లైబ్రరీలో ఆయన పడక్కుర్చీకి పుస్తకం నిలబెట్టే స్టాండు. 1908 విమాన ప్రమాదంలో తొడ ఎముక విరిగింది, ఆ నొప్పి ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఆ ప్రమాదంలో ఆయనకు సేవ చేయడానికి చెల్లెలు కేథరిన్ లాటిన్ టీచరు ఉద్యోగం వదిలేసింది. ఇద్దరి పుట్టినరోజూ ఒకటే, ఆగస్టు 19. ఇల్లు పూర్తికాకుండానే 1912లో అన్న విల్బర్ టైఫాయిడ్‌తో పోయాడు. తండ్రి కూడా పోయాక అంత ఇంట్లో మిగిలింది అన్నాచెల్లెళ్లే. 1926లో, 52 ఏళ్ల వయసులో, ఆవిడ పెళ్లి చేసుకుంది. ఆర్విల్ పెళ్లికి వెళ్లలేదు, మాట్లాడటం మానేశాడు. 1929లో ఆవిడ కాన్సాస్ సిటీలో న్యుమోనియాతో ఆఖరి ఘడియల్లో ఉంటే, ఇంకో అన్న నచ్చజెబితే వెళ్లాడు.

"తోడబుట్టినదాని పెళ్లికి రాకపోవడమేంటి!" అంది అమ్మ, గైడ్‌ని చూస్తూ, తెలుగులోనే.

రాత్రి హైవే పక్కన హోటల్లో దిగాం. తప్పు చేశాం. ఏసీ మోత, పొద్దున టిఫిన్‌లో అమ్మ తినగలిగింది అరటిపండొక్కటే. ఇంటినుంచి తెచ్చిన పులిహోరే దిక్కయింది. ఒక్కరోజులో వెళ్లి వచ్చేయండి. రైట్ సోదరుల సైకిల్ షాపుకి టికెట్ లేదు, గంట చాలు. ఎయిర్ ఫోర్స్ మ్యూజియం కూడా ఉచితమే గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వద్దు.

వెళ్లేముందు వుడ్‌ల్యాండ్ శ్మశానం దగ్గర ఆగాం. విల్బర్, ఆర్విల్, కేథరిన్ ఒకేచోట ఉన్నారు. కారెక్కగానే అమ్మ మావయ్యకి వాట్సాప్ కాల్ కలిపింది. అక్కడ తెల్లారగట్ల నాలుగు.