రెండు కౌంటర్లకు రెండు క్యూలా, ఒకటే క్యూనా?

రెండు టికెట్ కౌంటర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి ఒక్కో క్యూ పెట్టాలా? లేక అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి పంపాలా?

వేరువేరు క్యూలు చూడటానికి పొట్టిగా ఉంటాయి. కానీ ముందున్నాయన చిల్లర కోసం జేబులు వెతుకుతుంటే వెనకున్నవాళ్లంతా ఇరుక్కుపోతారు. "నా లైనే కదలట్లేదు" అనే టెన్షన్ ఇక్కడిదే.

లెక్క చూద్దాం. గంటకు సగటున 24 మంది, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వస్తారు. ఒక్కొక్కరి పనికి సగటున 4 నిమిషాలు; కొందరికి బాగా తక్కువ, కొందరికి చాలా ఎక్కువ. మామూలు క్యూ సూత్రాల ప్రకారం, ఏది పొట్టిగా ఉందో చూడకుండా జనం రెండు క్యూలలో సమానంగా చేరి, మధ్యలో లైను మారకపోతే, రెండు క్యూలలో సగటున 16 నిమిషాలు ఆగాలి. ఒకే క్యూలో సుమారు 7 నిమిషాలే! సిబ్బంది వాళ్లే, జనం వాళ్లే. ఒకే క్యూలో మనిషి ఎదురుచూస్తుండగా ఏ కౌంటరూ ఖాళీగా ఉండదు, తేడా అంతా అందులోనే ఉంది. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ మీద రాసిన పత్రంతో మొదలైన శాస్త్రమిది.

పొడుగు వరుస చూసి కొందరు వెనక్కి తిరుగుతారు, నిజమే. అయినా నా ఓటు ఒకే క్యూకే. టోకెన్ నంబర్లిస్తే అదే పద్ధతిలో పెద్దవాళ్లు కూర్చుని ఎదురుచూడొచ్చు.